మీ కోడ్‌ని ఇంకో చిప్ మీద నడిపి చూడండి

హైదరాబాద్‌లో చిప్ కంపెనీల కంపైలర్ టీముల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "సార్, ఇందులో ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతుంటారు. పుస్తకాల పేర్లు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా ఉద్యోగమంతా కంపైలర్ల బ్యాక్ ఎండ్‌లో, అంటే ప్రోగ్రామ్‌ని ఫలానా ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లుగా దించే చోట గడిచింది కాబట్టి నేను చెప్పేది కాస్త వేరు. ఒకే ప్రోగ్రామ్‌ని రెండు రకాల ప్రాసెసర్ల మీద నడిపితే బయటపడే సంగతులు, ఒక్కదాన్నే పట్టుకు కూర్చుంటే ఎన్నేళ్ళకీ తెలియవు. గుర్తొచ్చిన వరసలో నంబర్లు వేశాను. ఏది గొప్ప, ఏది చిన్న అన్న లెక్కతో కాదు.

1. కంపైలర్ మీ మనసులో ఉన్నది చదవదు, మీరు రాసిందే చదువుతుంది.

మనవాళ్ళలో ఒక తరం మొత్తం సీ భాషని టర్బో సీ నీలం తెర మీద నేర్చుకుంది. అమీర్‌పేట కోచింగుల్లో, క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఒక ప్రశ్న తప్పనిసరి: "ఐ విలువ 5. ఐ ప్లస్‌ప్లస్‌కి ప్లస్‌ప్లస్ ఐ కలిపి మళ్ళీ ఐలోనే పెడితే ఎంత?" ఏదో ఒక అంకె బట్టీ పట్టి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళున్నారు. నిజానికి దానికి జవాబే లేదు. వరస తేల్చకుండా ఒకే వేరియబుల్‌ని ఒకే స్టేట్‌మెంట్‌లో ఇన్నిసార్లు మారిస్తే ఏం జరగాలో సీ ప్రమాణం చెప్పదు. కంపైలర్ ఏం చేసినా దాని తప్పు కాదు. దీన్నే మా వాళ్ళు అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటారు.

ఆ ప్రశ్న ఇప్పుడు నవ్వుకోవడానికే పనికొస్తుంది గానీ, దాని అన్నదమ్ములు ప్రమాదకరం. ఇంట్ ఓవర్‌ఫ్లో అవుతుందేమో చూద్దామని చాలామంది "ఎ ప్లస్ 100 అన్నది ఎ కన్నా తక్కువైతే" అని పరీక్ష పెడతారు. సైన్డ్ ఇంట్‌ని ఓవర్‌ఫ్లో కానివ్వనని సీలో రాసే ప్రతివాడూ ముందే మాట ఇచ్చినట్టు లెక్క. అందుకని ఆ పరీక్ష ఎప్పటికీ నెగ్గదని తేల్చుకుని, ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ ఓ2 పెట్టగానే జీసీసీ కంపైలర్ దాన్ని ఆనవాలు లేకుండా తీసేస్తుంది. 2009లో లినక్స్ కెర్నెల్‌లోని టన్ డ్రైవర్‌లో ఇలాంటిదే జరిగింది. ముందు ఒక పాయింటర్‌ని వాడేసి, ఆ తర్వాత అది నల్ అవునా కాదా అని చూశారు. వాడేశారంటే నల్ అయి ఉండదని కంపైలర్ ఆ పరీక్షని ఎత్తేసింది, భద్రతకి చిల్లు పడింది. అప్పటినుంచి కెర్నెల్‌ని ఆ ఆప్టిమైజేషన్ ఆపే ఫ్లాగ్ పెట్టి కంపైల్ చేస్తున్నారు. ఈ విషయంలో కంపైలర్‌ని తిట్టేవాళ్ళే ఎక్కువ. నేను మాత్రం కంపైలర్ పక్షం.

2. రెండో ఆర్కిటెక్చర్ మీద రోజూ బిల్డ్ నడవాలి.

మీ ప్రోడక్ట్ అక్కడ అమ్ముడుపోకపోయినా సరే. ఎందుకో ఒక్క బైట్‌తో చూపిస్తాను. సీలో చార్ అనే టైప్ సైన్డా, అన్‌సైన్డా అన్నది భాష తేల్చలేదు, ప్లాట్‌ఫామ్‌కి వదిలేసింది. ఇంటెల్, ఏఎమ్‌డీల ఎక్స్86 చిప్‌ల మీద లినక్స్‌లో అది సైన్డ్, -128 నుంచి 127 దాకా. ఆర్మ్ లినక్స్‌లో అన్‌సైన్డ్, 0 నుంచి 255 దాకా. (ఆపిల్ మాత్రం ఆర్మ్ మీద కూడా సైన్డ్‌గానే ఉంచింది. ఎవరి ఆచారం వాళ్ళది.)

ఇప్పుడు మన "అ" తీసుకోండి. యూటీఎఫ్-8లో అది మూడు బైట్లు: 224, 176, 133. ఎక్స్86 మీద వాటిని చార్‌లో పెట్టగానే -32, -80, -123 అయి కూర్చుంటాయి. "32 కన్నా తక్కువైతే అది కంట్రోల్ క్యారెక్టర్, వదిలెయ్" అని ఇంగ్లిష్ తప్ప ఇంకో లిపి చూడనివాడు రాసిన కోడ్ ఎక్స్86 మీద "అ"ని మూడు ముక్కలూ మింగేస్తుంది. అదే కోడ్ ఆర్మ్ లినక్స్ బోర్డు మీద తెలుగుని భేషుగ్గా చూపిస్తుంది. తెలుగు టెక్స్ట్ మాయమైందని బగ్ వస్తే అందరూ ఫాంట్లనీ రెండరింగ్‌నీ అనుమానిస్తారు. చార్ గుర్తు మీదికి ఎవరి చూపూ పోదు.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. గెట్‌చార్ ఇచ్చిన విలువని చార్‌లో పెట్టుకుని, ఈఓఎఫ్ వచ్చేదాకా తిరిగే లూప్. ఈఓఎఫ్ అంటే -1. ఆర్మ్ లినక్స్‌లో ఆ చార్‌లో -1 ఎన్నటికీ ఉండదు, 255 ఉంటుంది. లూప్ ఆగదు. ఎక్స్86 మీద ఆగుతుంది, కాకపోతే ఫైల్ మధ్యలో 255 బైట్ తగిలినా అక్కడే ఆగిపోతుంది. గెట్‌చార్ ఇచ్చేది ఇంట్. ఇంట్‌లోనే పెట్టుకోవాలి. ఇది ఏ పుస్తకంలో చూసినా ఉంటుంది, అయినా రెండో చిప్ పట్టుకునేదాకా ఎవరికీ పట్టదు.

నాలుగు బైట్ల సంఖ్యని నాలుగుకి గుణిజం కాని (అన్‌అలైన్డ్) అడ్రస్ నుంచి చదవడం కూడా ఇంతే. ఎక్స్86 సర్దుకుపోతుంది. స్పార్క్ బస్ ఎర్రర్ అని అక్కడికక్కడే చంపేస్తుంది. ఆరో వెర్షన్‌కి ముందరి ఆర్మ్ ఏమీ అనకుండా బైట్లు తిప్పి తప్పు విలువ చేతిలో పెట్టేది. మూడింటిలో స్పార్కే మంచిదని నా అభిప్రాయం.

3. "ఏళ్ళ తరబడి నడుస్తోంది" అన్నది సాక్ష్యం కాదు.

ముఖ్యంగా థ్రెడ్ల దగ్గర. ఒక థ్రెడ్ డేటా రాసి, ఆ తర్వాత "రెడీ" అనే ఫ్లాగ్‌ని 1 చేస్తుంది. ఇంకో థ్రెడ్ ఆ ఫ్లాగ్ కోసం కాచుకుని డేటా చదువుతుంది. ఎక్స్86లో ఒక కోర్ చేసిన రాతలు మిగతా కోర్లకి అదే వరసలో కనిపిస్తాయి. ఆర్మ్‌కీ, ఐబీఎమ్ పవర్ చిప్‌లకీ ఆ పట్టింపు లేదు. ఫ్లాగ్ ముందు కనిపించి, డేటా ఇంకా పాతదే ఉండొచ్చు. డిజిటల్ కంపెనీ ఆల్ఫా చిప్ ఇంకో అడుగు ముందుకి పోయి, పాయింటర్ కొత్తది అందుకున్నా అది చూపించే చోట పాత విలువ చదివే వీలు ఉంచింది.

వోలటైల్ అని రాస్తే సరిపోతుందనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది కంపైలర్‌ని కొంత ఆపుతుంది గానీ ప్రాసెసర్‌ని ఆపదు. 2011లో సీ, సీ++ ప్రమాణాల్లోకి మెమరీ మోడల్ వచ్చింది. అటామిక్ వాడి రిలీజ్, అక్వైర్ అని రాయండి. ఎక్స్86 మీద దానికి అదనపు ఖర్చు లేదు, మామూలు మూవ్‌గానే దిగుతుంది. 64 బిట్ల ఆర్మ్ మీద ప్రత్యేకమైన లోడ్, స్టోర్ ఇన్‌స్ట్రక్షన్లు పడతాయి. పాత ప్రోగ్రాములు ఎక్స్86 వరస మీద ఎంతగా ఆధారపడ్డాయో తెలియాలంటే ఆపిల్‌ని చూడండి. 2020లో ఎమ్1 తెచ్చినప్పుడు, రొజెట్టా 2 అనువదించిన ఇంటెల్ ప్రోగ్రాములు పడిపోకుండా ఎక్స్86 వరసని పాటించే మోడ్‌ని సిలికాన్‌లోనే పెట్టింది.

4. ఇన్‌స్ట్రక్షన్ ఉంది కదా అని వాడకండి.

వ్యాక్స్ మెషీన్‌లో ఇండెక్స్ అని ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉండేది. అర్రే సబ్‌స్క్రిప్ట్ హద్దుల్లో ఉందో లేదో చూసి, అడ్రస్ లెక్కకట్టి, అంతా ఒక్క దెబ్బలో. పాటర్సన్, డిట్జెల్ 1980లో రిస్క్ (సరళమైన ఇన్‌స్ట్రక్షన్లే ఉండే చిప్) కోసం వాదిస్తూ రాసిన వ్యాసంలో దీన్ని ఉదాహరణగా చూపారు. వ్యాక్స్-11/780 మీద ఆ ఒక్కదాని బదులు నాలుగు చిన్న ఇన్‌స్ట్రక్షన్లు వాడితే అదే పని 45 శాతం వేగంగా అయింది. ఐబీఎమ్‌లో జాన్ కాక్ బృందం 801 మెషీన్ కట్టింది కూడా ఈ దారిలోనే. కంపైలర్ ఎలాగూ వాడని బరువుని హార్డ్‌వేర్ ఎందుకు మోయాలన్నది వాళ్ళ ప్రశ్న. కాక్‌కి 1987లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆయనతో కలిసి ఆప్టిమైజేషన్ల జాబితా తయారుచేసిన ఫ్రాన్సిస్ అలెన్‌కి రావడానికి 2006 దాకా పట్టింది. ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆవిడే. ఆలస్యమే.

అయితే దీన్ని సూత్రంగా గోడకి రాసుకోవద్దు. ఎక్స్86లో మెమరీని కాపీ చేసే "రెప్ మూవ్ఎస్‌బీ" చాలాకాలం దండగమారి కిందే లెక్క. 2012లో ఐవీ బ్రిడ్జ్ నుంచి ఇంటెల్ దాన్ని బాగుచేసింది, పెద్ద కాపీలకి మళ్ళీ పనికొచ్చింది.

5. భాగహారం మీద ఒక పూట కేటాయించండి.

ఒక 32 బిట్ల అన్‌సైన్డ్ సంఖ్యని 10తో భాగించే చిన్న ఫంక్షన్ రాసి, కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీ చూడండి. మ్యాట్ గాడ్‌బోల్ట్ పెట్టిన కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ ఉండగా ఇప్పుడిది నిమిషం పని. అందులో భాగించే ఇన్‌స్ట్రక్షనే ఉండదు. 3435973837 అనే వింత సంఖ్యతో గుణించి, 35 బిట్లు కుడికి జరుపుతుంది. 2ని 35వ ఘాతానికి హెచ్చించి 10తో భాగిస్తే 3435973836.8 వస్తుంది. దాన్ని పైకి సర్దితే ఈ సంఖ్య. 1234తో చేతి లెక్క వేసి చూడండి, 123 దిగుతుంది. 32 బిట్లలో ఏ సంఖ్యకీ లెక్క తప్పదని రుజువుంది. గ్రాన్‌లండ్, మాంట్‌గోమరీ 1994లో ఈ పద్ధతిని పకడ్బందీగా రాసిపెట్టారు.

పాత ఇంటెల్ చిప్‌ల మీద భాగహారం పాతిక ముప్పై సైకిళ్ళు తినేది, గుణకారం మూడు నాలుగు. ఆర్మ్ కార్టెక్స్-ఎ8, ఎ9లలో అసలు పూర్ణాంక భాగహారమే లేదు, లైబ్రరీ ఫంక్షన్‌ని పిలవాల్సిందే. కాబట్టి 10 అన్నది కంపైలర్ కంటికి కనబడే స్థిరాంకమా, రన్‌టైమ్‌లో వచ్చే వేరియబులా అన్నదాని మీదే వేగం ఆధారపడేది. కొత్త చిప్‌లలో భాగహారం చవకైంది, తేడా తగ్గింది. ఏ ఇన్‌స్ట్రక్షన్‌కి ఎంత ఖర్చో చెప్పే పట్టికల్లో, అంటే మీ కాస్ట్ మోడల్‌లో, పాత అంకెలే ఉంటే కంపైలర్ ఇంకా పాత భయంతోనే కోడ్ ఇస్తుంది. బ్యాక్ ఎండ్‌లో ఆ పట్టికలు తిరగరాసే పని ఎవరికీ ఇష్టముండదు. ఇష్టపడి చేసినవాళ్ళకి మాత్రం చిప్ చేతిగీతలతో సహా తెలుస్తుంది.

6. ఇటానియంని మరిచిపోవద్దు.

ఇంటెల్, హెచ్‌పీ కలిసి చేసిన ఈ చిప్ 2001లో బయటికొచ్చింది. ఏ ఇన్‌స్ట్రక్షన్ దేనితో కలిసి నడవాలో ప్రాసెసర్ అప్పటికప్పుడు తేల్చుకోవడం దండగ, ఆ తెలివంతా కంపైలర్‌లో పెడదాం అన్నది ఆలోచన. 128 బిట్ల బండిల్, అందులో 41 బిట్ల ఇన్‌స్ట్రక్షన్లు మూడు, ఏవి ఏ యూనిట్‌కి పోవాలో చెప్పే 5 బిట్ల టెంప్లేట్. పూర్ణాంక రిజిస్టర్లు 128, ఫ్లోటింగ్ పాయింట్‌వి ఇంకో 128, బ్రాంచ్‌లు తప్పించే ప్రెడికేట్ రిజిస్టర్లు 64. కాగితం మీద కంపైలర్ రాసేవాడికి ఇంతకన్నా స్వర్గం లేదు.

కానీ ఒక లోడ్ పెడితే ఆ డేటా దగ్గరి కాష్‌లో ఉందా, నాలుగైదు సైకిళ్ళలో వస్తుందా, మెయిన్ మెమరీ దాకా పోయి రెండు మూడు వందల సైకిళ్ళకి వస్తుందా అన్నది కంపైల్ చేసేటప్పుడు ఎవరికి తెలుసు? పెళ్ళి భోజనాల్లో ఏ పంక్తిలో ఎవరు ఏ నిమిషానికి కూర్చుంటారో నెల ముందే రాసిపెట్టి, ఆ కాగితం ప్రకారమే వడ్డించమన్నట్టుంటుంది. ఎక్స్86 చిప్‌లు ఔట్ ఆఫ్ ఆర్డర్ పద్ధతిలో, ఏది సిద్ధమైతే దాన్ని నడుపుకుంటూ పోయాయి. ఇటానియంలో జత దొరకని చోటల్లా బండిల్‌లో నో-ఆప్‌లు నింపాలి, కోడ్ ఉబ్బేది, ఇన్‌స్ట్రక్షన్ కాష్ కిటకిటలాడేది. మాతృకల లెక్కల్లాంటి క్రమబద్ధమైన లూపుల్లో మాత్రం నిజంగా బాగా పరిగెత్తేది. డేటాబేస్‌లు, పాయింటర్ల వెంట పరుగెత్తే మామూలు ప్రోగ్రాములు అలాంటివి కావు. 2021 జులైతో సరఫరా ఆగింది. 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7లో కెర్నెల్ కూడా చేతులు దులుపుకుంది.

ఇటానియం కోసం చేసిన పని అంతా వృథా అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. సాఫ్ట్‌వేర్ పైప్‌లైనింగ్, ప్రెడికేషన్, ప్రొఫైల్ చూసి బ్రాంచ్‌ల వరస సర్దడం, వీటిలో చాలామంది చేయి తిరిగింది ఆ చిప్ పుణ్యాన. ప్రొఫైల్ మాటకొస్తే అదేం కొత్తది కాదు. 1957లో ఐబీఎమ్ 704కి బాకస్ బృందం ఇచ్చిన మొదటి ఫోర్ట్రాన్‌లోనే ఫ్రీక్వెన్సీ అనే స్టేట్‌మెంట్ ఉంది. ఏ బ్రాంచ్ ఎక్కువగా తీసుకుంటారో ప్రోగ్రామర్ చెబితే, ఉన్న మూడే మూడు ఇండెక్స్ రిజిస్టర్లని దాన్నిబట్టి పంచేవారు.

7. రిజిస్టర్ల లెక్క చూసుకోకుండా లూప్ విప్పకండి.

32 బిట్ల ఎక్స్86లో 8 రిజిస్టర్లు, 64 బిట్లకి వచ్చాక 16, ఆర్మ్64లో 31. ఆర్మ్ మీద ఎనిమిది వరసలుగా విప్పిన లూప్ హాయిగా నడుస్తుంది. అదే సోర్స్‌ని ఎక్స్86కి ఇస్తే సగం విలువలు స్టాక్ మీదకి పోయి వస్తుంటాయి. చేత్తో విప్పకుండా సాదాగా రాసి, ఆ నిర్ణయం కంపైలర్‌కి వదిలేస్తే మేలు.

8. ఒకే పేరున్న ఆర్కిటెక్చర్‌లో కూడా చిప్ చిప్‌కీ స్వభావం వేరు.

పెంటియం 4 పైప్‌లైన్ 20 అంచెలు, తర్వాతి ప్రెస్కాట్‌లో 31. ఒక బ్రాంచ్ అంచనా తప్పితే దాని ఖరీదు అంతే. ఆ చిప్ మీద 1 కలిపే "ఇంక్" కన్నా మామూలు "యాడ్" నయం, షిఫ్ట్‌లు బరువు. ముందు తరం కోసం నేర్చిన చిట్కాలు దాని మీద ఎదురు తన్నాయి. 2017 నాటి స్కైలేక్ సర్వర్ చిప్‌లలో 512 బిట్ల వెక్టర్లు గట్టిగా వాడితే క్లాక్ వేగమే తగ్గేది. అందుకే ఆ చిప్‌కి జీసీసీ, క్లాంగ్ రెండూ వెడల్పు 512 ఉన్నా 256కే మొగ్గుతాయి.

ఆర్మ్ సర్వర్లలో ఇంకో ముచ్చట. ఆర్మ్ 8.0లో అటామిక్‌గా 1 కలపాలంటే చదివి, కలిపి, రాసి, కుదరకపోతే మళ్ళీ మొదటికి వచ్చే లూప్. 8.1లో దానికి ఒకే ఇన్‌స్ట్రక్షన్ వచ్చింది. కానీ అన్ని చిప్‌ల మీదా నడవాలని లినక్స్ ప్యాకేజీలు 8.0కే కంపైల్ అయ్యేవి. 64 కోర్లున్న మెషీన్ కొని, లాక్ దగ్గర కోర్లన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే "ఆర్మ్ స్లో" అని తీర్పు చెప్పేసినవాళ్ళున్నారు. 2020లో జీసీసీ 10 నుంచి, నడిచేటప్పుడు చిప్‌ని చూసి దారి ఎంచుకునే కోడ్ డిఫాల్ట్‌గా వస్తోంది. చిప్ మీద తీర్పు చెప్పేముందు ఏ ఫ్లాగ్‌లతో కంపైల్ చేశారో అడగండి.

9. ఫ్లోటింగ్ పాయింట్ అంకె మారితే వెంటనే బగ్ అనకండి, వెంటనే సరే అని కూడా అనకండి.

ఎక్స్ వర్గంలోంచి వై వర్గం తీసేసి స్క్వేర్ రూట్ కడుతున్నారు. రెండూ సమానమైతే సున్నా రావాలి. ఎఫ్ఎమ్ఏ ఉన్న చిప్ మీద కంపైలర్ ఒక గుణకారాన్నీ తీసివేతనీ కలిపేస్తుంది. ఒక వైపు వర్గాన్ని రౌండ్ చేసి, రెండో వైపు చేయకుండా తీసేస్తే చిన్న శేషం మిగులుతుంది. ఒక్కోసారి అది మైనస్. దాని రూట్ నాన్, అంటే సంఖ్యే కాదు. 64 బిట్ల ఆర్మ్‌లో ఎఫ్ఎమ్ఏ అన్ని చిప్‌లలోనూ ఉంటుంది కాబట్టి జీసీసీ అడక్కుండానే వాడుతుంది. ఎక్స్86లో హాస్వెల్ లాంటి చిప్ పేరు చెప్పి కంపైల్ చేస్తేనే. ఇక్కడ రెండూ సరైన జవాబులే, మీ ఫార్ములాయే సున్నితం. ఎఫ్‌పీ కాంట్రాక్ట్ ఆఫ్ పెట్టి చూడండి. తేడా పోతే కారణం దొరికినట్టే.

10. కొలవడం కూడా ఒక విద్యే.

2009లో మిట్కోవిచ్, దివాన్, హౌస్‌విర్త్, స్వీనీ ఒక పేపర్ రాశారు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పొడవు మారితే స్టాక్ మొదలయ్యే చోటు జరుగుతుంది. అంత మాత్రాన ఓ3 అన్నది ఓ2 కన్నా వేగమా, నెమ్మదా అన్న తీర్పే తారుమారవుతుందని చూపించారు. ఆబ్జెక్ట్ ఫైళ్ళు లింక్ చేసే వరస మార్చినా అంతే. 2013లో కర్ట్‌సింగర్, బర్గర్ కోడ్, స్టాక్, హీప్ చోట్లని యాదృచ్ఛికంగా మారుస్తూ కొలిస్తే, ఎల్‌ఎల్‌వీఎమ్‌లో ఓ2 నుంచి ఓ3కి పోవడం వల్ల వచ్చే లాభం కొలతల గోలలో కలిసిపోయింది. మీ ప్యాచ్ రెండు శాతం లాభం తెచ్చిందని మెయిల్ పెట్టేముందు, లింక్ వరస మార్చి ఇంకోసారి నడపండి. ఇంకో చిప్ మీద కూడా నడపండి. రెండు చోట్లా నిలిస్తే అప్పుడు పెట్టండి.

బెంచ్‌మార్క్ అంకెలు చూసేటప్పుడూ ఇదే జాగ్రత్త. స్పెక్ 1989 సూట్‌లో మ్యాట్రిక్స్300 అనే ప్రోగ్రామ్‌ని కంపైలర్లు కాష్ బ్లాకింగ్‌తో ఎన్నో రెట్లు పరిగెత్తించాయి. 1992 సూట్‌లో దాన్ని తీసేశారు. ఆ టెక్నిక్ నిజమైనది, వేరే ప్రోగ్రాములకీ పనికొచ్చింది. 2024లో మాత్రం స్పెక్ సంస్థ 2600కి పైగా ఫలితాల మీద గుర్తు వేసింది. వాటిలో వాడిన ఇంటెల్ కంపైలర్ ఒక్క బెంచ్‌మార్క్‌కే పనికొచ్చే ఆప్టిమైజేషన్ చేసిందని కారణం చెప్పింది.

11. కంపైలర్ వేగం కూడా కంపైలర్ గుణమే.

గ్రెగరీ చైటిన్ 1980ల మొదట్లో రిజిస్టర్ల కేటాయింపుని గ్రాఫ్‌కి రంగులు వేసే సమస్యగా మార్చి దారి చూపించాడు. బాగా పనిచేస్తుంది, టైమ్ తీసుకుంటుంది. ప్రోగ్రామ్ నడుస్తుండగానే కంపైల్ చేయాల్సిన చోట ఆ టైమ్ లేదు. 1999లో పోలెటో, సర్కార్ ఒక్క ఊపులో పంచేసే లీనియర్ స్కాన్ రాశారు. జావా హాట్‌స్పాట్‌లో రెండూ ఉన్నాయి, తొందరపడే సీ1కి లీనియర్ స్కాన్, తీరిగ్గా చేసే సీ2కి రంగులు. టాడ్ ప్రోబ్‌స్టింగ్ అనే ఆయన 1998లో ఎగతాళిగానే ఒక లెక్క చెప్పాడు: కంపైలర్ ఆప్టిమైజేషన్ల పురోగతి వేగాన్ని 18 ఏళ్ళకోసారి రెట్టింపు చేస్తుందట. హార్డ్‌వేర్ ఆ రోజుల్లో 18 నెలలకే చేసేది. ఆ లెక్క నాకు కోపం తెప్పించలేదు. బిల్డ్‌కి పట్టే టైమ్‌ని సగానికి తగ్గించిన ప్యాచ్‌లకి ప్రోగ్రామర్లు చెప్పిన థాంక్స్, కోడ్ వేగం అర శాతం పెంచినవాటికి ఎప్పుడూ చెప్పలేదు.

12. కంపైలర్ బగ్ అని రిపోర్ట్ పెట్టేముందు మొదటి పాఠం మళ్ళీ చదవండి.

చాలావరకు తప్పు మీ కోడ్‌దే అయి ఉంటుంది. ఇలాంటి తప్పులు పట్టే యూబీశాన్, ఏశాన్ పెట్టి నడపండి, ఓ0లో చూడండి, జీసీసీలో, క్లాంగ్‌లో, ఆర్మ్‌లో, ఎక్స్86లో పోల్చండి. ఒక్క కంపైలర్, ఒక్క టార్గెట్ దగ్గరే తేడా వస్తే అప్పుడు అనుమానం బలపడుతుంది. కంపైలర్లలో బగ్‌లు లేవని కాదు. యూటా యూనివర్సిటీవాళ్ళు సీస్మిత్ అనే టూల్‌తో యాదృచ్ఛిక సీ ప్రోగ్రాములు పుట్టించి, 2011 నాటికే 325కి పైగా పట్టిచ్చారు. రిపోర్ట్‌లో కంపైలర్ వెర్షన్, టార్గెట్, ఫ్లాగ్‌లు మొత్తం, నడిపిన చిప్ మోడల్ ఉండాలి. ప్రోగ్రామ్‌ని సీ-రెడ్యూస్ అనే టూల్‌కి ఇచ్చి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి పది పదిహేను లైన్లకి కుదించి పెడుతుంది. పదివేల లైన్ల ఫైల్ జిప్ చేసి "ఇది పనిచేయట్లేదు, చూడగలరు" అని పంపిస్తే ఏ దేశంలో ఏ టీమ్ అయినా దాన్ని వరసలో చివరికే తోస్తుంది. తోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.